పెట్టబాక: ఒక కూర్మసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:
దానికి గడ్డి ముందర, ఆకు వెనకాల, పండు పండక్కే.
అడిగితే మాత్రం పెట్ట...

అవతారిక: మూలకర్త మా అవ్వ. కాలం తై అమావాస్యకు ముందురోజు. స్థలం తిరుత్తణి కొండ కింద మా ఇంటి వంటగది తలుపు. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం కలిపి వస్తానని, అరక్కోణం మీదుగా పోయే లోకల్ పట్టుకునే హడావుడిలో అవ్వ చెబుతుంటే నేను క్యాలెండర్ కాగితం వెనక రాసుకుని తలుపుకు అంటించాను. పైన రేషన్ కార్డు జిరాక్స్ ఉండడంతో కింద, మోకాలెత్తున అంటించాల్సి వచ్చింది. ఈ వివరం ముందుముందు పనికొస్తుంది.

మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మెతుకుసీమ పెద్దాయన, ఆయనకు చెల్లింది. నాకు అంత నిగ్రహం లేదు.

దానికి: షష్ఠీ విభక్తి. షణ్ముఖుడి ఊళ్ళో షష్ఠితో ఆరంభించడం మంగళకరం. ‘అది’ ఏది? ఈ చుట్టుపక్కల చిట్టడవుల్లో తిరిగే నక్షత్ర తాబేలని పూర్వపక్షం. కాదు. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూల్లోకి ఎక్కింది. అంతకుముందే, 2019లో, దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా కట్టేశారు. కనుక ఇక్కడ ‘అది’ అంటే సల్కాటా, సహారా దక్షిణపు అంచున పుట్టే జాతి. చెన్నైలో మా చిన్నాన్న కొడుకు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించి పెంచాడు. ఉద్యోగం పుణెకు మారేసరికి, ‘కొన్నాళ్ళు చూసుకో అవ్వా’ అని వదిలిపోయాడు. ఇవి నలభై కిలోలు దాటి పెరుగుతాయని అప్పుడు చెప్పలేదు.

గడ్డి: ప్రధానంగా గరిక. అన్నకు పూజ చేసే పత్రి తమ్ముడి ఊళ్ళో తాబేలుకు ఆహారమైంది. ‘ముందర’ అన్నది కాలవాచకమా, పరిమాణవాచకమా? రెండూ. పొద్దున్నే పెట్టాలి, కడుపు దానితోనే నిండాలి. ఈ జంతువు పేగుల చివర సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి ఒంటికి అందిస్తాయి. పీచు తగ్గి తీపి పెరిగితే ఆ కాపురం చెడుతుంది.

ఆకు: మందారాకు, మల్బరీ ఆకు, ముళ్ళు కాల్చిన నాగజెముడు. భాస్వరం కంటే కాల్షియం కనీసం రెండింతలు ఉండాలి, లేకుంటే డిప్ప గట్టిపడదు. పాలకూర, గోంగూర ‘ఆకు’ శబ్దంలోకి రావు. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. గోంగూరను ఆకుల్లోంచి వెలేయడం తెలుగువాడికి కష్టమే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసినప్పుడు కూడా గోంగూర మా ఇంటిని వదల్లేదు. గన్నేరాకు మాట ఎత్తొద్దు, అది విషం.

ఇక్కడొక ప్రక్షిప్తం. ‘పప్పు పెడితే డిప్ప మీద గుబ్బలు లేస్తాయి’ అని పక్కింటి అక్క మూలానికి జోడించబోయింది. పప్పు ఎలాగూ పనికిరాదు కానీ, గుబ్బలకు కారణం అది కాదు. వియన్నా పరిశోధకులు సల్కాటా పిల్లల మీదే పరీక్షించి 2003లో తేల్చింది ఏమిటంటే, మాంసకృత్తుల కంటే పొడిగాలి పాపమే ఎక్కువ. అవ్వ రోజూ అది పడుకునే గోనెపట్టా తడుపుతుంది. వియన్నా సంగతి ఆమెకు తెలియదు. ఎండకు పాపం అని తడుపుతుంది.

పండక్కే: ఏ పండగ? తిరుత్తణిలో ప్రతినెలా కృత్తికే, కాబట్టి నెలకోసారి పండు పెట్టొచ్చని మా చెల్లెలి కొడుకు వ్యాఖ్య. సూత్రకర్త ఉద్దేశం ఆడికృత్తిక ఒక్కటే. పూలకావళ్ళు కొండెక్కే ఆ రోజున వేలెడు బొప్పాయి ముక్క. మిగతా రోజుల్లో ముద్దు చేయాలనిపిస్తే ఒక మందారపువ్వు. అది పువ్వును తినడం చూడాలి. ముందు ముక్కుతో తోస్తుంది, తర్వాత మెడ సాచి రెక్కలన్నీ ఒక్కసారే నోట్లోకి లాక్కుంటుంది. కేసరం మాత్రం మూతి పక్కన బయటే వేలాడుతుంటుంది.

అడిగితే మాత్రం పెట్ట...: ఇదీ అసలు చిక్కు. తాళపత్రాలను చెదలు తిన్నట్టు, ఈ ప్రతి అంచును విషయవస్తువే తినేసింది. కాగితం మోకాలెత్తున ఉందని చెప్పాను కదా. మిగిలింది ‘పెట్ట’. ఆ తర్వాత ఏముండాలి? వెనక వాక్యమంతా కట్టడి చేసింది కాబట్టి, ‘మాత్రం’ సడలింపును సూచిస్తుందని నేను తర్కించాను. ‘పెట్టాల’ అని పాఠం పూరించాను.

అది అడగనే అడిగింది. గడప దగ్గర నిలబడి, మెడ బారెడు సాచి, నా చేతిలోని అరటిపండు వైపే చూసింది. పెట్టాను. ఇంకోటి అడిగింది. మూడు తినింది. వంద గ్రాముల అరటిపండులో కాల్షియం 5 మిల్లీగ్రాములుంటే భాస్వరం 22 దాకా ఉంటుందని తర్వాత చూసుకున్నాను. మర్నాడు వాకిలంతా నీళ్ళవిరేచనం. గరిక ముందు పెడితే తల లోపలికి లాక్కుంది. రెండు రోజులు గడప దగ్గరే కూర్చుని అరటిపండు కోసం ఎదురుచూసింది.

అవ్వకు ఫోన్ చేశాను.

‘పెట్టబాక అని చెప్పినాను కదరా!’

‘బాక’ మా వైపు నిషేధార్థకం. పాఠనిర్ణయం అయిపోయింది. అయినా వ్యాఖ్యాత ఊరుకోడు. తిరువళ్ళూరు స్థలపురాణాన్ని ఆమె మీదికే తిప్పాను. ఏడాది ఉపవాసం చేసిన సాలిహోత్రుడి దగ్గరికి స్వామి ముసలి అతిథిగా వచ్చి, తిని, ఇంకా అడిగి, ఋషి వాటా కూడా తినేసి, చివరికి ‘ఎవ్వుళ్?’, పడుకోవడానికి ఏ గది, అన్నాడు కదా. ఊరి పాతపేరు అదే కదా. ‘మరి అడిగితే ఆయన పెట్టలేదా అవ్వా?’

‘పెట్టినాడు. పెట్టి ఇంకో ఏడాది పస్తున్నాడు. నువ్వుంటావా?’

కొడవలి తీసుకుని గరిక కోయడానికి పోయాను. నేను తిరిగొచ్చేసరికి అది రేషన్ కార్డు జిరాక్స్ కింద నిలబడి, మెడ సాచి, పైకి చూస్తోంది.