ఆర్డరు చూసి ఆరా తీసే అక్కయ్య

చిక్కడపల్లిలో ఏ సందులోకి తిరిగినా, ఏదో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఈ అక్కయ్య తగులుతుంది. గుమ్మానికి బోర్డుండదు. లోపల సోఫా ఉండాల్సిన చోట ఇనప ర్యాకు, దివాను మీద పట్టుదారం రీళ్ళు, మంచం కింద అట్టపెట్టెలు. దుకాణమంతా ఫోనులోనే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో, వాట్సాప్‌లో ఆర్డరు, యూపీఐలో డబ్బు. బేగంబజారులో టోకున కొన్న పూసలూ, కుందన్లూ, చమ్కీలూ, రిబ్బన్లూ చిల్లరగా అమ్ముతుంది. అమ్మడం ఎవరైనా అమ్ముతారు. కొన్నవాళ్ళు దాంతో ఏం చేయబోతున్నారో కనిపెట్టందే ఈవిడకి అన్నం సహించదు.

అక్కయ్య లెక్కలో ఆర్డర్లు రెండే రకాలు. ఒకటి చిల్లర. ఒక ఫెవికాల్ డబ్బా, ఒక కత్తెర. ఇంట్లోది అయిపోయింది, మళ్ళీ తెప్పించుకుంటున్నారు, అంతే. రెండోది ప్రాజెక్టు. ఇందులో సామాన్లు పెళ్ళిచూపుల్లో వియ్యాలవారిలా ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చుంటాయి. గాజులెన్నో స్టోన్ చైను అన్ని మూరలుంటుంది. దారం రంగే పూసకీ ఉంటుంది. చివర్న “అర్జెంటు మేడమ్” అని ఉంటుంది.

పెద్ద బంతి ఒకటి, రకరకాల సైజుల్లో చిన్నవి ఎనిమిది, నల్ల చార్టు, సన్న తీగ. రాత్రి పదింటికి మెసేజ్. సౌరకుటుంబమని చంటిపిల్లాడైనా చెబుతాడు. చిన్న బంతులు తొమ్మిదున్నాయంటే మాత్రం ఆర్డరు పెట్టింది తల్లి కాదు, తాతగారని అక్కయ్య చెబుతుంది. నారాయణగూడ తాతగారొకరికి ఫోన్ చేసి, “ప్లూటోని 2006లోనే గ్రహాల్లోంచి తీసేశారండీ, ఒక బంతి తగ్గించమంటారా?” అంది. “తీసేస్తే తీసేశారు. నేను చదువుకున్నప్పుడు ఉంది కదమ్మా, ఉండనీ” అన్నాడాయన. తొమ్మిదీ వెళ్ళాయి.

ఇంకోసారి ఎనిమిది బాసికాలు, నాలుగు అడ్డుతెరలు, కిరీటాలకి బంగారు రంగు రేకు కాగితం వచ్చాయి. ఒకే ఇంట్లో నాలుగు పెళ్ళిళ్ళా? కాసేపు తల పట్టుకుంది. ఒక్క ముహూర్తంలో నలుగురు అక్కచెల్లెళ్ళ పెళ్ళి జరిగింది జనకమహారాజు గారింట్లోనే కదా! వెంటనే ఫోన్. “సీతాకల్యాణమాండీ? త్యాగరాయ గానసభలోనా?” అవతలావిడ నిర్ఘాంతపోయింది. శివధనుస్సు ఆర్డరులో లేదని గుర్తుచేసింది కూడా అక్కయ్యే.

అశోక్‌నగర్ హాస్టళ్ళ ఆర్డర్లు మరీ తేలిక. గోడకి సరిపడా చార్టులు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, డబుల్ టేపు వచ్చాయంటే గ్రూప్స్ నోటిఫికేషన్ పడినట్టే. అదే గది నుంచి రెండు నెలలకి నల్ల కార్డు షీట్లు, ఎర్ర రిబ్బను, బుల్లి లైట్లు వచ్చాయంటే కుర్రాడి మనసు సిలబస్ దాటినట్టే. అక్కయ్య అన్నీ శ్రద్ధగా ప్యాక్ చేసి, పైన చిన్న చీటీ పెడుతుంది: “ప్రిలిమ్స్ ఎప్పుడు బాబూ?”

కనిపెట్టాక ఊరుకోదు, ఆ పనిని తన నెత్తిన వేసుకుంటుంది. పన్నెండింట్లో పదకొండు పంపి, పన్నెండోది స్టాకు లేదంటే ఆ పదకొండూ దండగే కదా! అందుకే ముందు ఫోను, తర్వాతే ప్యాకింగు. చిలకపచ్చ లేకపోతే “దగ్గరి రంగు” అని ఇంకోటి అంటగట్టదు. షేడు నంబరు ఒకటే అయినా లాటు మారితే ఎండలో రంగు తేడా కొడుతుందని, ఒకే లాటు రీళ్ళు ఏరి పెడుతుంది. పట్టుదారం గాజులు కొత్తగా చేసేవాళ్ళకి ఆఖరి రెండింటి దగ్గరే దారం అయిపోతుందని తెలుసు కాబట్టి, ఇంకో రెండు రీళ్ళు వాళ్ళ పేరు రాసి పక్కన దాస్తుంది. ఆరీ సూది అడిగి ఫ్రేము అడగనివాళ్ళని, “ఇంట్లో ఉందా?” అని అడిగేదాకా పార్సెలు కట్టదు.

శ్రావణమాసమొస్తే ఇక ఇల్లు ఇల్లు కాదు. వరలక్ష్మీ వ్రతం పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం. రాఖీ ఆ పౌర్ణమి నాడే. మధ్యలో పంద్రాగస్టు వచ్చిపడితే మూడు రంగుల రిబ్బన్లు అదనం. ఆ వెనకే చవితి. మండపానికి థర్మోకోల్ కావాలన్నవాళ్ళకి, అలంకరణ థర్మోకోల్‌ని 2022 జులై 1 నుంచే నిషేధించారని పాఠం చెప్పి, కాగితం పూలు పంపుతుంది. ఆ నెలంతా బావగారి భోజనం రెండు అట్టపెట్టెల మధ్య జరుగుతుంది. ఆయన మార్కెట్ నుంచి కొత్తబియ్యం, బెల్లం, నువ్వులు తెచ్చినా, “అరిసెల ప్రాజెక్టా?” అనే అడుగుతుంది.

ఎంత ఆరా తీసినా అన్నిసార్లూ గురి తగలదు. సిల్కు దారం గాజులకి ఒకే సైజు అడిగితే పెళ్ళికూతురికనీ, రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది డజన్ల లెక్కన అడిగితే రిటర్న్ గిఫ్టులనీ ఆవిడ సిద్ధాంతం. ఒకావిడ ఒకే సైజులో, అన్నీ ఆకుపచ్చవే అడిగేసరికి సీమంతమని తేల్చేసి, “శుభం! ఎన్నో నెలండీ?” అంది. “నాకు అరవై రెండేళ్ళమ్మా” అని సమాధానం వచ్చింది. బొమ్మల కొలువులో అమ్మవారికట ఆ గాజులు. అక్కయ్య నొచ్చుకుందా? లేదు. కొలువు మెట్ల మీద పరిచే జరీ గుడ్డ తీసుకున్నారా అని అడిగి, అదీ అమ్మింది.

వెబ్‌సైట్లలో పెద్ద దుకాణాలు మన బుట్టలో ఏమున్నాయో లెక్కపెట్టి “ఇవి కూడా కొనండి” అంటాయి. అక్కయ్య ఒక్కోసారి “ఇది వద్దు, మీకు పనికిరాదు” అంటుంది. ఆవిడకీ వాటికీ తేడా అంతే, అది చిన్న తేడా ఏమీ కాదు. కాబట్టి ఈసారి ఆర్డరు పెట్టేటప్పుడు, ఏం చేస్తున్నారో, ఏ రోజుకి కావాలో ఒక్క ముక్క రాసెయ్యండి. మీ పని సజావుగా అవుతుంది, ఆవిడకి అన్నం సహిస్తుంది.