మడతల్లేని పరికిణీలు

పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వెయ్యకూడదనేవారు మా రోజుల్లో. పురిటిగదిలోకి వెళ్ళేది తాత కట్టి విడిచిన మల్లు పంచె. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి, గంజీ బిరుసూ అన్నీ పోయి వెన్నలా అయిన గుడ్డ. దాన్ని చింపి, మరిగే నీళ్ళలో వేసి తీసి ఎండలో ఆరేస్తే అవే పొత్తిగుడ్డలు. జుబ్బా కూడా అందులోదే. గుండీల్లేవు, హుక్కుల్లేవు, రెండు నాడాలంతే. మా అమ్మమ్మ అయితే కుట్టు అంచులు పైకి వచ్చేలా కుట్టేది, లోపల దారం కూడా పసి ఒంటికి గీసుకోకూడదని. చుట్టాల్లో ఆరోగ్యంగా ఎదిగిన పిల్లల జుబ్బాలు అడిగి తెచ్చి మరీ తొడిగేవారు. 11వ రోజో 21వ రోజో బారసాల అయ్యేదాకా కొత్తబట్ట మాటే లేదు. ఇదంతా లేనివాళ్ళ పద్ధతి అనుకోకండి. కలిగిన ఇళ్ళలోనూ ఇంతే.

ఇప్పుడు బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే పెట్టెల్లో బట్టలు దిగుతాయి. టోపీ, చేతులకు తొడుగులు, కాళ్ళకు మేజోళ్ళు, అన్నిటి మీదా ఒకే ఎలుగుబంటి బొమ్మ. ఒక్కసారైనా ఉతక్కుండా తొడిగేస్తారు. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో కూడా అంతే. మెడ మడతల్లో చెమటకాయలు పేలితే డాక్టరు దగ్గరికి పరుగు. వదులుగా నూలుబట్ట వెయ్యమని ఆయన చెబుతాడు. ఇంట్లో ముసలిది మొదట్నుంచీ చెబుతున్నదీ అదే.

డైపర్ల జోలికి మాత్రం పోను. రాత్రంతా గుడ్డలు మార్చి, తెల్లారి గంపెడు ఉతికిన ఆడవాళ్ళ నడుములు ఎలా ఉండేవో నాకు తెలుసు.

నా కోపమంతా పరికిణీ గురించే. మూడేళ్ళ పిల్లకు పరికిణీ అంటే దర్జీ ముందు అడిగేది "మడతలు ఎన్ని పెట్టమంటారమ్మా?" అని. అంచుకు పైన రెండో మూడో మడతలు లోపలికి పెట్టి కుట్టేవాడు. పిల్ల పొడుగయ్యేకొద్దీ ఏడాదికొకటి విప్పడమే. విప్పినచోట రంగు మాయకుండా చారలు తేలేవి. ఆ చారలు చూసి పిల్ల ఎంత ఎదిగిందో చెప్పొచ్చు. బుట్టచేతుల జాకెట్టుకూ పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదిలేవాడు. రోజూ కట్టుకోవడానికి చీటిగుడ్డ, కాస్త మంచిదంటే మంగళగిరి నూలు, దానికి నిజాం అంచు. పండక్కి పట్టుదంటే, అమ్మ పెళ్ళినాటి ధర్మవరం చీర మడతల్లో చిరుగుపట్టాక, అంచు చెడకుండా కోయించేవారు. అక్క కట్టాక చెల్లి, చెల్లి తర్వాత పిన్ని కూతురు. చిట్టచివరికి దిండు గలీబు, ఆపైన బొంతలో ముక్క. ఆ బొంత మీద మళ్ళీ ఓ పసిబిడ్డ పడుకునేది.

ఈమధ్య ఏ ఇంట భోగిపళ్ళ పేరంటానికి వెళ్ళినా నాకు ప్రాణం ఉసూరుమంటోంది. పట్టు అని చెప్పి పాలిస్టరు. జరీ అని చెప్పి మెరుపు పూసిన ప్లాస్టిక్ దారం. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండితీగ చుట్టి బంగారుపూత వేసింది. చీర చివికిపోయినా అందులో వెండి కోసం కొనేవాళ్ళు వీధుల్లో కేకేసుకుంటూ వచ్చేవారు. ఈనాటి జరీ పిల్ల చంకల్లో గీరుకుంటుంది. కుచ్చులు విచ్చుకుని నిలబడాలని లోపల గరుకు నెట్టు. పాపం, ఆ పిల్ల పీటమీద కూర్చోనైనా కూర్చోలేదు. రేగుపళ్ళు పొయ్యకముందే ఏడుపు. ఫొటోలయ్యేదాకా ఎవరూ విప్పరు. రెండేళ్ళ మగపిల్లాడికి షేర్వానీ, తలపాగా! బొందులాగూ నూలు చొక్కా వేస్తే వాడు ఇల్లంతా పరిగెత్తేవాడు కదా.

దీపావళినాడు మాత్రం మొహమాటపడను. పాలిస్టరు వేసుకున్న పిల్లను మతాబా ముట్టుకోనివ్వను. నూలూ అంటుకుంటుంది, కాదనను. కానీ పాలిస్టరు కరిగి చర్మానికి అతుక్కుపోతుంది.

2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం చేస్తున్నారు. సంతోషం. ఆ రోజు పెద్దవాళ్ళు నేతచీరలు కడతారు. పక్కన నిలబెట్టిన పిల్లకు మాత్రం అంగడి గౌను. ఖరీదెక్కువ అంటారు. చీరకు ఆరు గజాలు కావాలి గానీ, పిల్ల పరికిణీకి రెండు మీటర్లు చాలు. మడతలు పెట్టి కుట్టిస్తే మూడేళ్ళు కడుతుంది. ఒక్కపూట ఫొటోకి కొన్నదాని ధర ఇంటికొచ్చి లెక్కేసుకోండి.

మొన్న అట్లాంటాలో ఉన్న మునిమనవరాలికి పరికిణీ కుట్టించాను. మూడు మడతలు పెట్టమంటే దర్జీ కుర్రాడు నీళ్ళు నమిలాడు. "పిల్ల ఎదిగితే కొత్తది పంపుతారు కదమ్మా, అక్కడ ఇవి విప్పేదెవరు?" అన్నాడు. వాళ్ళమ్మకు కత్తెర పట్టుకోవడం, కుట్టు విప్పడం నేనే నేర్పాను, నువ్వు కుట్టు నాయనా అన్నాను.