బిరడా సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: గీకి తడుపు, తడిపి కాచు, కాచి చల్లార్చు, చల్లారినాక తిప్పు.

అవతారిక: రాజానగరం నుంచి పెద్దాపురం మీదుగా సామర్లకోటకు పోయే ఏడీబీ రోడ్డు పక్క షెడ్డుల్లో విప్పి పరిచే పాత లారీ, పొక్లెయిను ఇంజన్లకు ఈ సూత్రం వర్తిస్తుంది. ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో నిలిపిన యంత్రాలు మళ్లీ తిరగనక్కరలేదు గనుక దీని పరిధిలోకి రావు. బిరడా అనగా ఇంజను దిమ్మలో ఆయిల్ పారే దారి కొసను మూసే, మరలు గల చిన్న ఉక్కుముక్క. దిమ్మను ఒక కొస నుంచి మరో కొసకు తొలిచి దారి చేయడం సులువు గనుక, కర్మాగారంలో అలాగే తొలిచి, అక్కరలేని నోటిని దీనితో బిగిస్తారు.

పూర్వపక్షం: కారని బిరడాను కదపనేల? ఆయిల్ పారే చోట మడ్డి నిలవదు, దారి ముగిసే మూలన నిలుస్తుంది, ఆ మూల బిరడా వెనకనే ఉన్నది గనుక ఈ శంక నిలవదు. బోరు చేయించి, క్రాంకు గ్రైండింగు చేయించి, కొత్త బేరింగులు వేసి, ఆ మడ్డిని మాత్రం విడిచిపెడితే, ఇంజను తిరిగాక అది ఆయిల్‌తో పాటు కదిలి ఆ కొత్త బేరింగులనే గీస్తుంది. పెద్దాపురానికి చెందిన ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి సుభాషితాలను తెలిగించిన సందర్భంలో ఇసుక నుంచి నూనె తీయడం ప్రస్తావనకు వచ్చింది. ఇక్కడ నూనెదారి నుంచి ఇసుక తీయవలసి ఉన్నది, ఇది అంతకన్న తేలికని మెకానిక్కులెవరూ ఒప్పుకోరు.

టీక: గీకి = ఎలన్ కీ దిగే గుంటలోని మట్టిని, పాత రంగును సూదిమొనతో తీసి; కీ సగమే దిగితే గుంట అంచులు గుండ్రనైపోయి పట్టు పోతుంది. తడుపు = తుప్పు వదిలించే నూనెతో ఒక రాత్రి నాననిమ్ము.

కాచు = గ్యాస్ మంటతో బిరడా నడుమను ఎర్రబార్చు. ఇక్కడ సూత్రకారుడు ఒక పదం మింగినాడు. నూనెతో తడిపినదానికి వెంటనే మంట చూపితే అంటుకుంటుంది గనుక, ‘తడిపి’, ‘కాచు’ అను పదాల నడుమ ‘పూర్తిగా తుడిచి’ అని అధ్యాహారం చేసుకోవలెను. దారిలో ఆయిల్ మిగిలి ఉంటే మంట అసలే తగదు. ఎర్రబారిన బిరడా వ్యాకోచించబోయి, చుట్టూ ఉన్న చల్లని పోత ఇనుము చోటివ్వక నొక్కగా తనలో తానే అణగి, చల్లారేసరికి మునుపటికన్న సన్నబడుతుంది. నడుమ తుప్పు పొర చిట్లుతుంది. తిప్పడం కన్న కాచడమే ప్రధానమని ఇందుచేత సిద్ధం.

చల్లార్చు = దానంతట అది చల్లారనిమ్ము; నీళ్లు కుమ్మరించు అని అర్థం చెప్పేవారి దిమ్మలు పగులుతాయి. ఎరుపు పోయి వేడి మిగిలిన వేళ కొవ్వొత్తి తాకిస్తే, మైనం కరిగి అంచు వెంబడి సన్నని తడిగీతగా పాకి మరల లోనికి ఇంకిపోతుంది.

తిప్పు = ముందు కొద్దిగా బిగించే వైపు, పిదప వదులయ్యే వైపు. గుంట అప్పటికే చెడితే బిరడా మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి, ఆ నట్టుకు పానా వేయవలెను. వెల్డింగు వేడి కాచే పని కూడా చేసిపెడుతుంది. అదీ విఫలమైతేనే నడుమ తొలవడం. మరలు చెడితే లేతు షాపు ఖర్చు అదనం.

తాత్పర్యం: బిరడా తీయగల మెకానిక్కు అడిగే కూలీ బేరింగుల ధరకన్న తక్కువే గనుక బేరమాడరాదు. విప్పినవాటిని లెక్కపెట్టి డబ్బాలో వేయవలెను. బిగించేటప్పుడు టైమింగు గేర్ల వెనక ఒక్క నోరు తెరిచి వదిలినా ఆయిల్ అటే పోతుంది, ప్రెషరు ముల్లు పైకి లేవదు, ఇంజను మళ్లీ విప్పవలసిందే.