ఐదు నిమిషాల సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఇంకెంతమ్మా, ఐదు నిమిషాలే!”

అవతారిక. హైదరాబాదు నుంచి టోక్యో చూడబోయిన ఓ కుటుంబంలో, ఫోనులో మ్యాపు చూసుకుంటూ ముందు నడుస్తున్న కొడుకు వెనకబడిన తల్లితో అన్న మాట ఇది. అసకుసలో సెన్సోజీ గుడికి వెళ్లే ద్వారం దగ్గర, సుమారు 700 కిలోల ఎర్ర లాంతరు కింద పుట్టింది. రాత్రికి ఏడు ఆవృత్తులు పూర్తి చేసుకుంది.

ప్రతిపదార్థం. ఇంక + ఎంత, ఎంత + అమ్మా. రెండు చోట్లా అత్వసంధే. సంధి బహుళం, నడక నిత్యం. “ఎంత” ఇక్కడ ప్రశ్నార్థకం కాదు. జవాబు చెప్పబోయిన భార్యను వక్త కళ్లతోనే వారించాడు గనుక. “నిమిషాలే”లో ఏకారం అవధారణార్థకం. నిమిషమంటే అసలు రెప్పపాటు. రెప్ప వేయరు గనుకే దేవతలు అనిమిషులు. వాళ్లకు మోకాళ్ల నొప్పులున్నట్టు ఏ పురాణమూ చెప్పదు. పెద్దావిడకు రెండు మోకాళ్లూ నొప్పే.

చిక్కంతా “ఐదు” దగ్గరే. జపానులో ఇళ్ల ప్రకటనలు రాసేవాళ్లకు ఒక నియమం ఉంది: నిమిషం నడకంటే 80 మీటర్లు. ఆ లెక్కన ఐదు నిమిషాలు 400 మీటర్లు. సిగ్నల్ దగ్గర నిలబడ్డ సేపు అందులో కలవదు. ఇక్కడా ఆ ప్రమాణమే గ్రాహ్యమని కొందరు. అది చింత్యం. గుడి ముందున్న నాకమిసే వీధి పొడవు 250 మీటర్లే. మనవరాలు కొట్టుకొట్టుకూ ఆగడంతో ముప్పావుగంట పట్టింది. కాబట్టి ఇక్కడి ఐదు సంఖ్యావాచకం కాదు, ఓదార్పువాచకం.

సుమిద నది వంతెన మీద మరో ఆవృత్తి. “అదిగో, స్కైట్రీ కనబడుతూనే ఉందిగా” అని వక్త హేతువు చూపాడు. పొగను బట్టి నిప్పును ఊహించవచ్చు గాని, 634 మీటర్ల టవరు కంటబడినంత మాత్రాన దగ్గరుందని ఊహించరాదు. హేత్వాభాసం. అన్నట్టు ఆ ఎత్తులోనూ చమత్కారముంది: 6, 3, 4 అంకెల్ని జపానువాళ్లు ము-స-షి అని పలకగలరు, ముసషి ఆ ప్రాంతపు పాత పేరు. మన కటపయాదికి దూరపు చుట్టమన్నమాట. లోపలికి వెళ్లాక లిఫ్టు 350 మీటర్ల పైకి నిమిషంలోపే చేర్చింది. ఆ రోజు మాట నిలబెట్టుకున్న నిమిషం అదొక్కటే.

విశేషం. తిరిగి అసకుస వచ్చి గింజా లైను ఎక్కారు. 1927లో ఇక్కడి నుంచి ఉయెనో దాకా మొదలైన ఈ భూగర్భ రైలు, చివరి స్టేషను షిబుయాలో మాత్రం వీధికి బాగా పైన ఆగుతుంది. షిబుయా లోయలో ఉంది మరి. పాతాళ మార్గాన వచ్చినవాళ్లు నేల మీదికి రావడానికి కిందికి దిగడం విరోధాభాసాలంకారం. మెట్లు చూసి పెద్దావిడ ఏ అలంకారమూ లేకుండా నిట్టూర్చింది.

ఏడో ఆవృత్తిలో పాఠాంతరముంది: “అమ్మా”కు బదులు “అత్తయ్యా”. వక్త కోడలు. స్థలం హచికో అనే కుక్క విగ్రహం. “మేం ఆ క్రాసింగు దాటి చూసొస్తాం, మీరిక్కడే కూర్చోండి అత్తయ్యా, ఐదు నిమిషాలే!” అని, ఊరికే వెళ్లక ఆ కుక్క కథ కూడా చెప్పింది: 1925లో యజమాని పోయాక, రాని మనిషి కోసం ఇదే స్టేషను దగ్గర దాదాపు పదేళ్లు ఎదురుచూసిందని.

పెద్దావిడ చెప్పులు విడిచి, పాదాలు నొక్కుకుంటూ, ఎడమ చెవి వాలిన ఆ కంచు కుక్కను కాసేపు చూసింది.

“దీనికీ ఐదు నిమిషాలనే చెప్పారుటమ్మా?”