ఎట్నా గారు

విశాఖపట్నంలో రిటైరైనవాళ్లు నిన్నమొన్నటిదాకా రెండే రకాలు: షుగర్ గురించి మాట్లాడేవాళ్లు, పిల్లలున్న దేశం గురించి మాట్లాడేవాళ్లు. ఈమధ్య మూడో రకం బయల్దేరింది. అగ్నిపర్వతం ఎక్కొచ్చిన మనిషి. తల్లిదండ్రులు పెట్టిన పేరు పింఛను కాగితాల మీద ఉంటుంది. కాలనీకి మాత్రం ఆయన ఎట్నా గారే.

తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసి నడిచేవాళ్లకి వదిలిపెడతారు కదా, ఆ వేళకి కురుసుర సబ్‌మెరీన్ దగ్గర ఉంటారు. చీలమండలు దాటిన బూట్లు, మడిచే చేతికర్ర, నెత్తిన ఉన్ని టోపీ. మే నెలైనా సరే. ‘ఏంటండీ, మోకాలు బాగోలేదా?’ అన్నారో, మీ నడక ఆ పూటకి అక్కడితో సరి.

అబ్బాయి జర్మనీలో ఉంటాడు. చూసిరావడానికి వెళ్తే అమ్మానాన్నల్ని ఇటలీ తిప్పాడు. సిసిలీ దీవిలో ఎట్నా, యూరప్‌లో తరచూ నిప్పులు కక్కే కొండ. ఎత్తు 3,300 మీటర్ల పైమాటే. పేలినప్పుడల్లా కొంచెం అటూ ఇటూ అవుతుంది. ‘మన డాల్ఫిన్ నోస్ కొండలు తొమ్మిది పేర్చినా అందదోయ్’ అంటారాయన. పొద్దున బయల్దేరి సాయంత్రానికి దిగొచ్చే యాత్ర. సుమారు 1,900 మీటర్ల నుంచి 2,500 దాకా కేబుల్ కారు. అక్కణ్ణించి పెద్ద చక్రాల బస్సు. ఆపైన గైడు వెంట నడక.

ఇదంతా తిరిగొచ్చిన కొత్తలో చెప్పిన కథ. దసరాకి కేబుల్ కారు కథలోంచి జారిపోయింది. సంక్రాంతికి బస్సు పోయింది. ఉగాదికల్లా గైడు కూడా వెనకబడి, దారి ఈయనే చూపించారు. ఇప్పుడు కైలాసగిరి రోప్‌వే ఎక్కేవాళ్లని చూసి, ‘కాళ్లెందుకిచ్చాడ్రా దేవుడు?’ అంటున్నారు.

‘మన దేశంలో లేవా మాస్టారూ?’ అని ఎవరో అమాయకుడు అడిగాడు. ఒకటుంది, అండమాన్‌లో బారెన్ ద్వీపం. దానికి ఎట్నా గారి దగ్గర పూచికపుల్ల విలువ లేదు. ఎత్తు 350 మీటర్ల చిల్లర, అంటే మన డాల్ఫిన్ నోసంత. పైగా పడవలోంచి చూడాల్సిందే గానీ దిగనివ్వరు. ‘దిగనివ్వని కొండ మీద ఫోటో ఎలా దిగుతాం?’ అని తేల్చేశారు.

2025 జూన్ 2న ఎట్నా పేలింది. యాత్రికులు కొండ మీంచి పరుగెత్తుతున్న వీడియో కాలనీ గ్రూపులోకి ఎట్నా గారే మొదట పంపారు. ‘మేం నిలబడ్డది సరిగ్గా అక్కడే’ అని కింద రాశారు. ఈయన వెళ్లొచ్చి అప్పటికి ఏడాది. అయినా ఆ వారమంతా గండం గడిచినవాడిలా పరామర్శలు అందుకున్నారు.

వాళ్లావిడ మాత్రం పరామర్శించలేదు. ఆవిడ ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తుంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్, ఎన్‌ఏడీ మీదుగా 32 కిలోమీటర్లు, ఉత్త కాళ్లతో. మర్నాడు పొద్దున్న ఇంటికొచ్చి పెసరట్లు పోస్తుంది. ‘ఆయనకి గైడున్నాడు, మాకు అప్పన్నున్నాడు. బూట్లే ఇవ్వనేదు’ అంటుంది.

అసలు తమాషా ఇంకోటుంది. ఈయన ముప్పయ్యేళ్లు చేసింది స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో. 1990లో మొదలైన ‘గోదావరి’ అనే ఫర్నేస్ దగ్గర. ఎట్నా లావా వెయ్యి, పదకొండు వందల డిగ్రీలుంటుంది. గోదావరిలోంచి పారే ఇనుము పధ్నాలుగు వందలు దాటేస్తుంది. దాని మీద తేలే స్లాగ్ ఉందే, అదీ కరిగిన రాయే. లావాకి దగ్గరి చుట్టం. ఇన్నేళ్లూ ఉన్న ఊళ్లోనే నిప్పుల ఏరు పెట్టుకుని, ఈ మనిషి యూరోలు పోసి సిసిలీ వెళ్లి చూసింది పొగ. ఆరోజు లావా రాలేదు. ఆ ముక్క ఆవిడే చెప్పింది.

ఓ రోజు బీచ్‌లో ముంతమసాలా తింటుండగా నోరు జారారు. పైకెళ్లే ముందు గైడు అందరికీ హెల్మెట్లిచ్చి, పట్టీ ఎలా బిగించాలో నేర్పుతున్నాడట. అతని మొదటి వాక్యం పూర్తయ్యేలోగా ఈయన పెట్టేసుకుని, ఒంటిచేత్తో గడ్డం కింద బిగించి, పక్కనున్న జర్మన్ ఆవిడకి కూడా సరిచేశారట. పైన గంధకం కంపుకి అందరూ ముక్కులు మూసుకుంటే, ‘నాకు మాత్రం రాత్రి సి షిఫ్టుకి వెళ్లినట్టుంది’ అన్నారు.

ఆ తర్వాత ఓ గంట ఎట్నా ఊసే లేదు. ఫర్నేస్‌లో ట్యాపింగ్‌కి ముందు మట్టి బిరడాని డ్రిల్లుతో ఎలా తొలుస్తారో, ఇనుము ఎలా ఉరుకుతుందో, స్లాగ్‌ని ఎక్కడ విడదీస్తారో, మడ్ గన్‌తో మళ్లీ ఎలా మూస్తారో వేలితో ఇసకలో గీసి చూపించారు. ఒక్క ముక్క కూడా పెంచి చెప్పలేదు. పెంచాల్సిన అవసరమే లేకపోయింది.

కాబట్టి విశాఖలో ఎట్నా గారు ఎదురైతే పారిపోకండి. కొండ ఎత్తు సంగతి అడక్కండి, అంతే. ‘ఫర్నేస్‌లో రాత్రి షిఫ్టు ఎలా ఉండేదండీ?’ అని అడగండి. ముంతమసాలా మాత్రం రెండు పొట్లాలు కొనుక్కుని కూర్చోండి.