సింక్ ఉండగా బ్యాకప్ దండగ

సింక్రనైజేషన్ డేటాబేస్ సర్వర్‌కు బ్యాకప్ అక్కర్లేదన్న సిద్ధాంతం బడ్జెట్ సమావేశాల్లో పుడుతుంది. డేటా ప్రతి ఫోనులోనూ ఉంది కదా, సర్వర్ పోతే ఏం పోయింది అన్నది దాని తర్కం. కానీ సింక్ పని మార్పును చేరవేయడం. చెరిపివేత కూడా మార్పే. ఎవరో కస్టమర్ల పట్టికను పొరపాటున తుడిచేస్తే, నెట్ తగిలిన ప్రతి పరికరంలోనూ సర్వర్ దాన్ని తుడిపించి వస్తుంది. ఇంత శ్రద్ధగా పనిచేసే గుమస్తా ఏ ఆఫీసులోనూ దొరకడు.

బ్యాకప్ తీసేవాళ్లలో కొందరు దాన్ని సర్వర్ పక్కనే పెడతారు. కోల్‌కతాలో ఐటీ కంపెనీలు కొలువైన సాల్ట్ లేక్, హుగ్లీ నది పూడిక తోడిపోసి చిత్తడి నేలల మీద లేపిన పట్టణం. 2020 మే 20న అంఫాన్ తుపాను నగరాన్ని తాకాక చాలా పేటల్లో కరెంటూ నెట్టూ రోజుల తరబడి లేవు. అలాంటి చోట కూడా రెండు కాపీలూ ఒకే మేడలో ఉంటే దానికి పొదుపని పేరు.

తీసిన బ్యాకప్‌ను తెరిచి చూడకపోవడం మరో ఆచారం. 2017 జనవరి 31న కోడ్ దాచే సేవ గిట్‌ల్యాబ్‌లో ఇంజనీరు ఒకరు వెనకబడ్డ ప్రతిరూప సర్వర్‌ను సరిచేయబోయి అసలు సర్వర్ డేటాను చెరిపేశారు. రోజువారీ బ్యాకప్ అప్పటికే విఫలమవుతోంది: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.6 మీద 9.2 నాటి పనిముట్టు నడుస్తోంది. ఆ కబురు మోసుకొచ్చిన మెయిళ్లు గడప దాటలేదు. వేరే పనికోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాటే దిక్కయింది.

అసలు వినోదం పునరుద్ధరణలో ఉంది. సర్వర్ ప్రతి మార్పుకూ వరుస సంఖ్య వేస్తుంది. సోమవారం బ్యాకప్‌లో లెక్క 4,000 దగ్గర ఉంది; బుధవారానికి ఫోన్లు 5,000 దాకా అందుకున్నాయి. పాత బ్యాకప్ ఎక్కించిన సర్వర్ మళ్లీ 4,001 నుంచి మొదలెడుతుంది. ఫోన్లకు అది చూసేసిన సంఖ్యే, కనుక అడగవు. వెయ్యి కొత్త మార్పులు ఎవరికీ చేరవు, తెర మీద మాత్రం ‘సింక్ పూర్తయింది’ అని పచ్చ టిక్కు. ఆఫీసు ఖాతాల పద్దు చూసే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో ఈ జబ్బు పేరు యూఎస్‌ఎన్ రోల్‌బ్యాక్. మందు చిన్నదే: పునరుద్ధరించిన సర్వర్‌కు కొత్త గుర్తింపు ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ సింక్ ఫ్రేమ్‌వర్క్‌లో అందుకు ప్రత్యేకంగా ఒక మెట్టే ఉంది. రీస్టోర్ అయిందని చప్పట్లు కొట్టే హడావుడిలో ఆ మెట్టు ఎవరికీ గుర్తుండదు.

చెరిపివేతల గుర్తులనూ సర్వర్లు కలకాలం దాచవు. యాక్టివ్ డైరెక్టరీలో మామూలు గడువు 180 రోజులు; అంతకన్నా పాత బ్యాకప్‌ను అది ఒప్పుకోదు. ఆ పట్టింపు లేని సొంత తయారీ సర్వర్లలోనైతే అలాంటి బ్యాకప్ ఎక్కించగానే ఏడాది కిందట రాజీనామా చేసిన ఉద్యోగి ఖాతా నిక్షేపంగా లేచి కూర్చుంటుంది, పాత పాస్‌వర్డ్‌తో సహా.