చిన్న సారు గొంతు

మా రోజుల్లో గ్రౌండు పక్కన గొంతు చించుకుని అరిచే మనిషి ఒకరుండేవారు. ఇప్పుడు ట్రాక్‌సూట్లున్నాయి, కోన్లున్నాయి, సెల్‌ఫోన్లో వీడియోలున్నాయి. పిల్లల మనసు నొచ్చుకుంటుందని గట్టిగా ఒక మాట అనేవాళ్లే లేరు. ఓడిపోయిన టీము కూడా నవ్వుతూ సెల్ఫీ దిగుతోంది. చూస్తే కడుపు మండుతుంది.

1980ల్లో గోదావరిఖనిలో మా కాలేజీ ఫుట్‌బాల్ టీముకు పెద్ద సారు కోచ్. పేపర్లో పడేది ఆయన పేరే. చాకిరంతా అసిస్టెంటుది. ఆయన్ని చిన్న సారు అనేవాళ్లం. సింగరేణి బొగ్గుబాయిలో తట్టల్లో బొగ్గు నింపే ఫిల్లర్. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సైకిలెక్కి గ్రౌండుకొచ్చేవారు. ఎంత కడిగినా కంటి అంచుల్లో కాటుకలా బొగ్గు మిగిలే ఉండేది. ఆయనకు ఇందుకు పైసా ముట్టలేదు.

ఎనిమిది గంటలు తట్టా చెమ్మస్ పట్టిన మనిషి లైను పొడుగునా మాతో సమానంగా ఉరికేవారు. "తలెత్తి చూడురా! చూసినంక తన్ను!" అని అరిచి అరిచి సగం ఆటకే గొంతు పోయేది. ఆ తర్వాత చప్పట్లే. రెండు కొడితే వెనక్కి రమ్మని. ఆట రానివాణ్ని పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పేవారు, బాగా ఆడేవాణ్ని మాత్రం అందరి ముందే వాయించేవారు. "నీకు చాతనైతది గనకనే తిడుతున్నరా" అనేవారు. బూతు మాట ఒక్కటి ఆయన నోట వినలేదు.

మా నాయిన ఒకసారి నన్ను ఆట మానిపించాడు. చిన్న సారు ఇంటికొచ్చారు.

"బంతి తంతే బుక్కెడు బువ్వొస్తదా?" అన్నాడు నాయిన.

"రాదన్నా. రెండు గంటలు పోరణ్ని నాకిడువు. గుడుంబ దిక్కు పోకుంట నేను చూస్త."

నాయిన మళ్లీ అడ్డం చెప్పలేదు.

చిన్న సారు ప్రాక్టీసులో వారానికి ఒకరోజు మాకు కుడికాలు బంతికి తగిలితే ఫౌలే. ఇది హైదరాబాద్ విద్య. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ వాటం లేని కాలితోనే ఆడాలని ఒకసారి, డ్రిబ్లింగ్ చేయొద్దని ఒకసారి, ఏకంగా టోర్నమెంట్లే పెట్టించారు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మన జట్టుకూ ఆయనే కోచ్. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. 2024లో ఆయన మీద వచ్చిన 'మైదాన్' సినిమా చూసి మా మనవడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గ్రౌండులో మాత్రం ఎడమకాలితో ఒక్క పాసు ఇవ్వడు. ఇవ్వమని వెంటపడేవాళ్లు లేరు మరి.

మా గోదావరిఖనిలోనూ కాలం మారింది. చాలా బాయిలు మూతపడి ఓపెన్‌కాస్టులొచ్చాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి దిగారు. మనుషులు తగ్గారు, నిజమే. అయినా యైటింక్లైన్ కాలనీలో సాయంత్రం బంతి తన్నే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ల వెంట ఉరికే పెద్దమనిషే కరువు.

అలాంటి అసిస్టెంటు మీ కాలేజీలో ఒక్కరున్నా, దయచేసి గొంతు తగ్గించుకోమనకండి. షీల్డు గెలిచినప్పుడు పేపరుకు పంపే వార్తలో ఆయన పేరు కూడా రాయండి.